రెండు వందల గజాల కింద ఏముంది?

పక్క స్థలంలో మూడు వందల అడుగులకే రెండించుల నీళ్లు పడ్డాయి. మన దగ్గర తొమ్మిది వందలు దాటినా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఎందుకు?

హైదరాబాదు శివార్లలో రోడ్డు పక్కన రెండు వందల గజాలు కొని, కింద మూడు మల్గీలు, పైన రెండంతస్తులు వేసుకోవాలనుకునేవాళ్లు ఏదో ఒక రోజు అడిగే ప్రశ్న ఇది. అదృష్టమనీ వాస్తు అనీ చాలా జవాబులు వినిపిస్తాయి. అసలు జవాబు రాతిలో ఉంది. అది తెలిస్తే బోరు సంగతే కాదు, గోడ ఎందుకు చీలింది, సెల్లారులోకి నీళ్లెందుకు వచ్చాయి అన్నవి కూడా విడివడతాయి. స్థలం కాగితాల్లో నాలుగు దిక్కుల హద్దులు రాసి ఉంటాయి. ఆ హద్దులు నేల మీద వరకే. కింద రాయికీ నీటికీ వాటితో పనిలేదు.

నగరం చాలావరకు గ్రానైటు మీద నిలబడి ఉంది. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో శిలాద్రవం నింపాదిగా చల్లారి గట్టిపడిన రాయి ఇది. ఇసుకలో రేణువుకూ రేణువుకూ మధ్య ఖాళీ ఉంటుంది, అందులో నీరు నిలుస్తుంది. గ్రానైటులో స్ఫటికాలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి, నీటికి చోటుండదు. కాబట్టి ఈ నేలలో నీరు ఉంటే రెండే చోట్ల ఉండాలి. ఒకటి, పైన రాయి శిథిలమైన పొర. రెండు, దాని కింద రాతిలోని పగుళ్లు.

రాయి శిథిలమవడం ఎలాగంటే, వాన నీరు మట్టిలోంచి దిగుతూ బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త ఆమ్లమవుతుంది. అది తగిలిన చోట గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ బంకమన్నుగా మారుతుంది. నల్ల అభ్రకంలోని ఇనుము తుప్పుపట్టి, ఉబ్బి, చుట్టూ ఉన్న రాతిని చిట్లగొడుతుంది. మన చల్క నేలల ఎరుపు ఆ తుప్పుదే. పలుగురాయి మాత్రం దేనికీ లొంగక ఇసుకగా మిగులుతుంది. అందుకే పైనుంచి తవ్వుతుంటే ముందు ఎర్రమట్టి, తర్వాత మొరం, తర్వాత గునపానికి విరిగే మెత్తరాయి, ఆ తర్వాత పగుళ్ల రాయి, చివరికి గట్టిరాయి వస్తాయి.

అయితే ఈ పొరలు అన్నిచోట్లా ఒకే మందంలో ఉండవు. గ్రానైటును నిలువుగా, అడ్డంగా కోసే సహజమైన అతుకులు ఉంటాయి. నీరు వాటి వెంట దిగుతుంది. అతుకులు దగ్గర దగ్గరగా ఉన్న చోట రాయి లోతుగా మెత్తబడుతుంది, దూరంగా ఉన్న చోట మూలలు మాత్రం రాలిపోయి నడుమ గుండు మిగులుతుంది. బంజారాహిల్స్‌లో, ఖాజాగూడలో ఒకదాని మీద ఒకటి నిలిచిన గుండ్లు అలా పుట్టినవే. చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయింది కాబట్టి అవి కనిపిస్తున్నాయి. మట్టి ఇంకా కొట్టుకుపోని గుండ్లు మన స్థలాల కింద ఉన్నాయి.

ఇక బోరు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్సు శాస్త్రవేత్తలతో కలిసి నగరానికి దక్షిణంగా మహేశ్వరం ప్రాంతంలో ఏళ్ల తరబడి చేసిన పరిశీలనల్లో తేలింది ఇది: నీటిని బాగా పారనిచ్చే పగుళ్లలో ఎక్కువ భాగం నేలకు దగ్గరగా, సుమారు 35 నుంచి 40 మీటర్ల లోపలే ఉన్నాయి. అంటే నూట ముప్పై అడుగుల లోపల. శిథిలమైన పొరకు సరిగ్గా కింద ఉండే ఈ పగుళ్ల పొరే ఈ ప్రాంతానికి ప్రధానమైన నీటి దారి. దాని కింద పగుళ్లు లేకపోలేదు. అవి అరుదు, ఒకదానికొకటి దూరం. ఆరున్నర అంగుళాల బోరు అలాంటి ఒక పగులును కోసుకుంటూ వెళ్లాలి. రెండు గజాలు అటు జరిగినా అది తప్పిపోవచ్చు. పక్కాయన బోరు ఒక నిలువు పగులును తాకింది, మీది రెండు పగుళ్ల మధ్య నిండు రాతిలోంచి దిగిపోయింది. జరిగింది ఇంతే.

మరి లోతుకు పోయేకొద్దీ నీళ్లు పడతాయని ఎందుకు అంటారు? పైపొరలు ఎండిపోయాయి కాబట్టి. ఒకప్పుడు ముప్పై అడుగుల బావుల్లో నిలిచిన నీటిని వేల బోర్లు తోడేశాయి. ఇప్పుడు మిగిలినది లోతు పగుళ్లలోని కాస్త నీరు. అది ఎక్కువగా ఉందని కాదు, అదొక్కటే మిగిలిందని ఇంకా లోతుకు పోతున్నాం. మూడు వందల అడుగులు దాటాక ప్రతి వంద అడుగులకూ ఖర్చు పెరుగుతుంది, ఆశ సన్నగిల్లుతుంది. అక్కడ ఆగి ఆలోచించమని అడిగినవాళ్లందరికీ చెబుతాను.

ఉదయం నీళ్లిచ్చిన బోరు మధ్యాహ్నానికి గాలి కొడుతోంది. మోటరు చెడిందా?

చాలాసార్లు మోటరు బాగానే ఉంటుంది. ఆరున్నర అంగుళాల బోరులో ప్రతి వంద అడుగుల లోతూ దాదాపు 650 లీటర్లు పడుతుంది. తొమ్మిది వందల అడుగుల బోరు నిండా ఉంటే సుమారు 5,800 లీటర్లు. సన్నని పగులు నుంచి రాత్రంతా ఊరిన నీరు బోరులో చేరుతుంది. ఉదయం రెండు గంటల్లో దాన్ని తోడేస్తాం. తర్వాత పగులు ఇచ్చినంతే వస్తుంది, అది మోటరు లాగేదానికన్నా తక్కువ. అంటే ఆ బోరు మనకు ఊటబావిగా కాక నిలువు ట్యాంకుగా పనిచేస్తోంది. పెద్ద మోటరు దింపితే మధ్యాహ్నం రావాల్సిన గాలి ఉదయమే వస్తుంది. చిన్న మోటరుతో, కాసేపు నడిపి కాసేపు ఆపుతూ వాడుకోవడమే దారి.

తవ్వకముందే తెలుసుకోవడం ఎలా?

కొబ్బరికాయ అరచేతిలో లేచి నిలబడిన చోట బోరు వేయించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొబ్బరికాయ నీటిని గుర్తిస్తుందనడానికి ఏ ఆధారమూ లేదు. శిథిలమైన పొర మందంగా ఉన్న ప్రాంతంలో ఎక్కడ తవ్వినా కొంత నీరు పడుతుంది కాబట్టి ఆ నమ్మకం నిలబడింది.

నేల విద్యుత్తును ఎంత అడ్డుకుంటుందో కొలవడం నమ్మదగిన పద్ధతి. నాలుగు కడ్డీలు వరసగా నేలలో దిగగొట్టి, బయటి రెండింటి గుండా విద్యుత్తు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ లోతైన పొరల సంగతి తెలుస్తుంది. నిండు గ్రానైటు విద్యుత్తును గట్టిగా అడ్డుకుంటుంది, నీరు నిండిన మెత్తరాయి పారనిస్తుంది. చిక్కేమిటంటే, నీటిని బయటికి ఇవ్వని బంకమన్ను కూడా పారనిస్తుంది. మరో చిక్కు, కడ్డీలను వందల అడుగులు బారుగా పరచాలి. రెండు వందల గజాల స్థలంలో అంత చోటుండదు, రోడ్డు వెంటనో పక్క ఖాళీ స్థలంలోనో పరచాల్సి వస్తుంది. హద్దుల లోపల నిలబడి హద్దుల కింద ఉన్నదాన్ని కొలవలేం.

దీనికన్నా చవకైన సమాచారం మన చెవిలోనే పడుతుంటుంది, పట్టించుకోం. చుట్టుపక్కల పది బోర్లు ఎంత లోతున్నాయి, కేసింగు పైపు ఎన్ని అడుగులు దించారు, నీళ్లు ఎక్కడ తగిలాయి అని అడిగి కాగితం మీద గీసుకోండి. కేసింగు గట్టిరాయి తగిలేదాకా దించుతారు కాబట్టి, కేసింగు లోతు అంటే దాదాపుగా ఆ చోట శిథిలమైన పొర మందం. తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు బండ్ల పనివాళ్లు ఎగిరే పొడి రంగు చూసే చాలా చెప్పగలరు. గోధుమరంగు పొడి, తుప్పు మరకలున్న రాతి ముక్కలు వస్తే అక్కడ ఎప్పుడో నీరు నడిచింది. తెల్లని, సన్నని పిండి వస్తుంటే నిండు రాయి. నల్లరాయి మొదలైతే అది గ్రానైటును చీల్చుకుని లేచిన డోలరైటు గోడ కావచ్చు. దాని అంచుల్లో రాయి నలిగి ఉంటే నీరుంటుంది, లేదా అదే అడ్డుగోడై ఒక పక్క నీటిని రెండో పక్కకు రానివ్వదు. బోరు వేసే రోజు పది అడుగులకోసారి గుప్పెడు పొడి కవర్లో వేసి లోతు రాసి పెట్టుకోండి. ఆ కవర్లు మీ స్థలం కింది భూమికి మీ చేతిలో మిగిలే ఏకైక సాక్ష్యం.

నా స్థలంలో పడ్డ వాన నా బోరుకు చాలదా?

లెక్క వేద్దాం. రెండు వందల గజాలంటే 167 చదరపు మీటర్లు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. గుణిస్తే 1,33,000 లీటర్లకు పైమాట. చాలా ఉందనిపిస్తుంది. కానీ అందులో కొంత ఆవిరవుతుంది, కొంత పారిపోతుంది, కొంత చెట్టూ చేమా తాగుతాయి. శిథిలమైన గ్రానైటు నేలల్లో భూగర్భ జలాల్లోకి చేరేది వానలో 8 నుంచి 11 శాతమని దేశంలో అధికారిక అంచనాలకు వాడే ప్రమాణం. ఎక్కువే తీసుకుందాం, 11 శాతం. అది ఏడాదికి 14,700 లీటర్లు, అంటే మూడు చిన్న ట్యాంకర్లు. మీ మల్గీల్లో ఒకదాన్ని టిఫిన్ సెంటరుకు ఇచ్చారనుకోండి. రోజుకు రెండు వేల లీటర్లు వాడితే ఏడాదిపాటు మీ నేల ఇంకించుకున్నది వారం రోజుల్లో అయిపోతుంది. అదీ స్థలమంతా మట్టిగా ఉంటే. మొత్తం కాంక్రీటు పోసేస్తే ఆ వారం కూడా లేదు.

మిగతా యాభైఒక్క వారాల నీరు ఎవరిది? ఎగువన ఉన్న ఖాళీ స్థలాలది, పార్కుది, చెరువుది, రెండు వీధుల అవతలి ఇంటి పెరడుది. ఈ లెక్క తెలిశాక చెరువు పూడ్చడం నాకు పర్యావరణ సమస్యగా కాక సొంత బోరు సమస్యగా కనిపించడం మొదలైంది. ఇదే లెక్కను తిప్పి చూస్తే ధైర్యమూ వస్తుంది. పైకప్పు మీద పడే వానలో ఎనభై శాతాన్ని పట్టి ఇంకుడు గుంతలోకో సంపులోకో మళ్లిస్తే లక్ష లీటర్లకు అటూ ఇటూ దక్కుతుంది. మట్టి తనంతట తాను ఇంకించుకునేదానికి అది ఏడు రెట్లు.

బోరు ఎండిపోయింది, సెల్లారులో మాత్రం నీళ్లు ఊరుతున్నాయి. ఇదేం విడ్డూరం?

చాలామందిని తికమక పెట్టే విషయం ఇది. రెండూ వేర్వేరు నీళ్లు. బోరు నీరు లోతు పగుళ్లది. సెల్లారులోకి వచ్చేది మొరంలోంచి దిగి, కింద పగుళ్లు లేని షీట్ రాక్ తగిలి, ముందుకు పోలేక దాని మీద నిలిచిన నీరు. షీట్ రాక్ పైభాగం చదునుగా ఉండదు, ఎత్తుపల్లాలు ఉంటాయి. పల్లం మీ స్థలం కింద ఉంటే ఎగువ వీధుల్లో ఇంకిన వాన, పగిలిన మంచినీటి పైపు, కారుతున్న డ్రైనేజీ అన్నీ రాతి వాలు వెంట అక్కడికే చేరతాయి. సెల్లారు కోసం రాతిలో తవ్విన గొయ్యి ఒక గిన్నె అవుతుంది. వాన ఆగిన పది రోజులకు కూడా గోడ చెమ్మగిల్లుతుంటే కారణం ఇదే. నీళ్లు ఎండాకాలంలోనూ ఒకే తీరున వస్తుంటే వానను వదిలేసి పైపులను అనుమానించండి.

గోడకు లోపలి నుంచి పూసే రసాయనాలతో దీన్ని ఆపాలనుకోవడం దండగ. నిలిచిన నీరు నెడుతుంది. అడుగున మీటరు ఎత్తు నీరుంటే ప్రతి చదరపు మీటరు మీద టన్ను బలంతో పైకి తోస్తుంది. పదిహేను సెంటీమీటర్ల మందం కాంక్రీటు గచ్చు బరువు చదరపు మీటరుకు టన్నులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. అంటే అర మీటరు నీరు చేరినా గచ్చు ఉబ్బి పగలడానికి చాలు. చేయాల్సింది నీటికి దారి ఇవ్వడం. గోడ వెలుపల కంకర కాలువ, దాని చివర చిన్న గొయ్యి, అందులో మోటరు. తోడిన నీటిని రోడ్డు మీద వదలకుండా ఫ్లష్‌కూ కడగడానికీ వాడుకోవచ్చు. ఇంకుడు గుంతను సెల్లారు గోడకు ఆనించి తవ్వకండి. దిగిన నీరు మీ గోడనే నెడుతుంది.

కొత్త గోడ కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఎందుకు చీలింది?

భవనమంతా ఒకేలా కుంగితే పెద్దగా నష్టం లేదు. ఒక పక్క కుంగి మరో పక్క నిలిస్తే గోడ చీలుతుంది. నాలుగేసి మీటర్ల దూరంలో స్తంభాలు వేస్తే నడుమ ఉన్న స్తంభం 16 చదరపు మీటర్ల శ్లాబును మోస్తుంది. మూడు శ్లాబులకు, చదరపు మీటరుకు టన్నూ పావు చొప్పున, స్తంభం కిందికి 60 టన్నులు. నేల చదరపు మీటరుకు 20 టన్నులు భద్రంగా మోస్తుందనుకుంటే 3 చదరపు మీటర్ల పునాది కావాలి. ఇక్కడిదాకా చిక్కులేదు. చిక్కంతా ఆ 20 అన్న అంకె అన్ని స్తంభాల కిందా ఒకటే అనుకోవడంలో ఉంది. ఒక స్తంభం గుండు మీద కూర్చుంటుంది, దాని పక్కది ఎవరో ఎప్పుడో పూడ్చిన మట్టి మీద.

పెద్ద భవనాలకు నేలలో గొట్టం దించి పరీక్షిస్తారు. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, మొదటి 15 సెంటీమీటర్లు వదిలేసి తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. దిగడం మానేస్తే రాయి తగిలిందని రాస్తారు. మన నేలలో జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. అది అడుగున పరుచుకున్న నిండు రాయో, మట్టిలో తేలుతున్న గుండో సుత్తి చెప్పదు. కొన్ని మీటర్లు రాతిలోకి డ్రిల్ చేసి ముక్కలు బయటికి తీస్తేనే తెలుస్తుంది. చిన్న స్థలానికి ఇంత ఖర్చు పెట్టనివాళ్లు కనీసం మూడు నాలుగు చోట్ల జేసీబీతో పునాది లోతుకన్నా కిందికి గుంతలు తీయించి, ఇంజనీరును గుంత దగ్గరికి పిలిచి చూపించాలి. మూల మూలకూ మట్టి మారుతుంటే విడి విడి పునాదులను బలమైన దూలాలతో కట్టేయడమో, మట్టి పూర్తిగా తీసేసి ఒకే రాతి మీదికి దించడమో ఆయన నిర్ణయిస్తారు.

రేగడి నేలల్లో కథ వేరు. గుంటూరు వైపు నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, తేలికైన భవనాన్ని ఎత్తి దించుతుంది. అక్కడ కదలిక ఉండే పొరను దాటి దిగే, అడుగున ఉబ్బెత్తుగా తవ్విన పైల్స్ వాడతారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాటి మీద చాలా పని చేసింది. హైదరాబాదులో అలాంటి నల్లమట్టి ఎదురైతే ముందు అనుమానించాల్సింది పాత చెరువును.

మనకన్నా ముందు అక్కడ ఏముండేది?

నా దృష్టిలో స్థలం కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఊరి నక్ష తీసి చూడండి. మీ సర్వే నంబరు శిఖం భూమికి, అంటే చెరువు భూమికి ఆనుకుని ఉందా, నాలా పోయిన దారిలో ఉందా? 1908 మూసీ వరదల తర్వాతి ఏళ్లలో లెనార్డ్ మన్ సర్వే చేసిన పటాలు పాత నగరంలో ప్రతి బావినీ కాలువనూ చూపిస్తాయి. శివార్లకు పాత టోపోషీట్లు, ఏళ్ల వారీ ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. పూడ్చిన బావి మీద స్తంభం పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకా లోతైన ప్రశ్న, నేలలోకి ఏం దిగిందని. పాత మెకానిక్ షెడ్డు, పెట్రోలు బంకు, రంగుల గోదాము ఉన్న చోట మట్టిలో నూనెలు మిగిలి ఉండొచ్చు. పెట్రోలు నీటికన్నా తేలిక. అది మొరంలోంచి దిగి నీటి మట్టం మీద పరుచుకుంటుంది, నీరు పెరిగి తరిగినప్పుడల్లా మట్టికి పూసుకుంటుంది. అందులోని బెంజీన్ నీటిలో కాస్త కరిగి పగుళ్ల వెంట పోతుంది. బంకమన్నులో ఏళ్లు పట్టే దూరాన్ని గ్రానైటు పగులులో రోజుల్లోనే దాటొచ్చు. నూనె వాసన వచ్చిన బోరుకు కారణం మూడు స్థలాల అవతల ఉండొచ్చు. అమెరికాలో 1980లో వచ్చిన చట్టంతో, విషరసాయనాలు ఇంకిన స్థలాన్ని కొన్న యజమాని మీద కూడా శుభ్రపరిచే భారం పడే వీలు ఏర్పడింది. అందుకే అక్కడ చిన్న దుకాణం కొనేటప్పుడు కూడా స్థలం పూర్వచరిత్ర వెతికించడం మామూలైంది. మన దగ్గర లాయరు కాగితాలు చూస్తారు, మట్టిని ఎవరూ చూడరు.

బోరు నీరు తాగడానికో వంటకో వాడేట్టయితే ల్యాబులో రెండు అంకెలు తప్పక చూపించుకోండి. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే మురుగు చేరుతోందని అనుమానించాలి. కేసింగు గట్టిరాతిలో సరిగ్గా కూర్చోకపోతే జరిగేది ఇదే. కాచినా నైట్రేటు పోదు. రెండోది ఫ్లోరైడు. అది ఎవరో కలిపింది కాదు, గ్రానైటు ఖనిజాల్లోంచే కరిగేది. ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మేలు, ఒకటిన్నర దాటితే తాగకూడదు. నీరు రాతితో ఎంతకాలం కలిసి ఉంటే ఫ్లోరైడు అంతగా చేరే వీలుంటుంది. ఫ్లోరైడు నీటితో బాధపడ్డ నల్గొండకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎండిన బోరును ఏం చేయాలి?

వాన నీటిని అందులోకి దించవచ్చు, పైకప్పు నీటిని మాత్రమే. ముందు ఒక గుంత తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక వేసి, ఆ వడపోత గుండానే బోరులోకి పంపాలి. మొదటి వాన నీరు కప్పు మీది దుమ్మును కడుగుతుంది కాబట్టి బయటికి వదిలేయాలి. పార్కింగు మీది నీరు, హోటలు గిన్నెలు కడిగిన నీరు, మురుగు కలిసే ఏ కాలువా దాని దరికి రాకూడదు. పైన మట్టి వడకట్టే నీటిని మనం బోరు గొట్టంలో వదిలితే అది మట్టి వడపోత లేకుండా నేరుగా పగుళ్లలోకి దిగుతుంది, అదే పగులు మీదున్న పక్కవాళ్ల బోరులో తేలుతుంది. వాడకపోతే నోరు ఇనుప మూతతో బిగించి కాంక్రీటు వేయించండి. పిల్లలు పడిపోయిన బోర్ల వార్తలు మనం ఇప్పటికే చాలా విన్నాం.